డబ్బా మీది దర్భ

గోధుమలు మరీ ఉడికితే పాయసానికి పనికొస్తాయి, ఉడక్కపోతే కోళ్ళకు పనికొస్తాయి. చిత్రకు కావలసింది ఆ రెంటికీ నడుమ ఎక్కడో ఉండే పదును. వంటింట్లో రుచి చూడటమనేది ఆ ఇంట్లో లేదు కాబట్టి, గరిటెతో రెండు గింజలు ఎత్తి బొటనవేలి గోటితో నొక్కింది. పైపొర పగిలింది, లోపలి గింజ మాత్రం ఇంకా కొంచెం మొండికేసింది. చాలనుకుని గబగబా చిల్లుల గిన్నెలోకి వంచి, చన్నీళ్ళు పోసి, ఉతికిన పాత పంచె మీద పల్చగా ఆరబోసింది. తడి మిగిలితే మంగళవారానికే పులుస్తుంది. ఇది శుక్రవారం దాకా నిలవాలి.

ఇది నిలిస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ లెక్కల విభాగంలో పని దొరికింది, మర్నాడే, సోమవారం చేరాలి. కేజీఎఫ్ నుంచి తెల్లవారకముందే కదిలే రైలెక్కితేనే వేళకు చేరేది. మామగారు మృత్యుంజయ మైన్సు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన వద్దు అనలేదు. వద్దనే మాట వాడే రకం కాదాయన, షరతు పెట్టే రకం.

"పోమ్మా, సంతోషంగా పో" అన్నాడు. "మీ అత్త ఆ మోకాళ్ళతో స్టవ్ ముందర నిలబడలేదు. మధ్యాహ్నం తిండి మాత్రం ఎవురికీ తప్పకూడదు. ఒక వారం చూస్తాము. సరిగ్గా జరిగితే సరి. లేదంటే ఇంగ ఆ మాట ఎత్తకూడదు."

ఆయనకు లెక్కలు వచ్చు, పంచాంగం వచ్చు, స్టవ్ వెలిగించడం రాదు. ఆ ఇంట్లో నిన్నటి అన్నం నేడు తినరు. అయితే గోధుమ అన్నం కిందికి రాదు, ఫలహారం కిందికి వస్తుంది. ఆ సందులోంచే చిత్ర దారి వెతుక్కుంది. ఫోనులో ఎవరో మధ్యధరా తీరపు ఆవిడ, ఆదివారం ఒక పూట కూర్చుని గోధుమలూ శనగలూ కూరగాయలూ కలిపి, వారానికి సరిపడా డబ్బాల్లో సర్దుకోవడం చూసింది. ఉల్లిపాయ తీసేసింది. ఆ ఊరి జున్నుకు బదులు పన్నీరును ఉప్పులో ఊరేసింది. ఆలివ్ కాయలను మామగారు ముట్టడు కాబట్టి, శ్రీనివాసపురం మామిడికాయలు ఉప్పులో ఊరినవి సన్నగా తరిగింది. ఆలివ్ నూనె కోసం మందుల షాపుకు వెళ్తే, షాపు అతను చిన్న సీసా ఒకటి చేతికిచ్చి "బిడ్డకు ఎన్ని నెలలమ్మా?" అని అడిగాడు.

అత్తగారు వత్సల ముక్కాలిపీట మీద కూర్చుని పుదీనా ఆకులు గిల్లుతోంది. కీళ్ళవాతంతో ఆమె వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి పక్కకు తిరిగాయి. ఒక్కో ఆకుకు ఒక్కో మూలుగు.

"ఇది మేకలకు వేసేది మాదిరి ఉండాది చూడు" అంది. "ఇది తిని మూడింటికి ఆకలంటే నా ప్రాణానికి వస్తారు అందురూ."

"శనగలు ఉండాయి కదత్తా. కడుపు నిలుస్తుంది."

"ఏమో తల్లీ. నీకు రైలు దొరికితే చాలు, మాకు ఏదైనా చాలు."

ఆ మాటలో వెక్కిరింత ఎంత, నిజం ఎంత అని చిత్ర తూకం వెయ్యలేదు. కీర దోసకాయలు నిలువునా చీల్చి, చెంచాతో గింజల గుజ్జు గీకి పారేసింది, అది ఉంటే నీరు ఊరుతుంది. టమాటాలదీ అదే వరస. నిమ్మరసం, నూనె, మిరియాల పొడి విడిగా సీసాలో గిలక్కొట్టి పెట్టింది, తినేముందు పోసుకోవడానికి. శనగలూ గోధుమలూ చేత్తో కలుపుతుంటే గింజ గింజకు అంటుకోకుండా గలగలమంది. చిత్రకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే భర్త రఘునందన్ వచ్చాడు. అతను ఊళ్ళోనే ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాడు. గడప అవతల నిలబడి అరచెయ్యి చాపాడు. చిత్ర పెట్టిన గుప్పెడూ నోట్లో వేసుకుని కళ్ళు మూశాడు.

"బెంగళూరు హోటల్లో కూడా ఇట్ల దొరకదు. నా పెండ్లాము ఉద్యోగానికి పోతుందని ఆఫీసులో అందరికీ చెప్పేసినాను. వాళ్ళ మొగాలు చూడాల్సింది నువ్వు" అన్నాడు.

సంవత్సరమంతా ఖాళీగా తిరిగిన చంద్రుడికి గ్రహణం పట్టడానికి ఆ ఆదివారం రాత్రే దొరికింది. మధ్యాహ్నానికల్లా పొయ్యి ఆర్పెయ్యాలి. మర్నాడు అందరూ తలస్నానాలు చేసి, ఇల్లూ వంటిల్లూ కడిగితే గాని మళ్ళీ వెలిగించకూడదు. అప్పటికి రైలు బంగారుపేట దాటి ఉంటుంది. అంటే సోమవారం పొద్దున్నే లేచి వండుకునే దారి లేదు. ఉన్న దారల్లా ఈ డబ్బాలే.

మృత్యుంజయ పురోహితుడి ఇంటినుంచి దర్భకట్ట తెచ్చి, పంచాంగం చూసి తీర్పు చెప్పాడు. "ఉప్పు పడింది, ఊరిన మామిడికాయ పడింది. దర్భ వేసి ఉంటే దోషం లేదు. దర్భ లేకపోతే పనికిరాదు. అంతే."

సాయంత్రం వత్సల పాలగిన్నె మీద, పెరుగు మీద, నెయ్యి మీద, ఊరగాయ జాడీల మీద రెండేసి పోచలు వేసుకుంటూ వచ్చింది. ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి నడుం పట్టుకుని, "కింది అరకు నేను వంగలేనమ్మా. నీ డబ్బాలకు నువ్వే వేసుకో" అని మిగిలిన పోచలు కోడలి చేతిలో పెట్టింది.

డబ్బాలు ప్లాస్టిక్‌వి, మూతలు నున్నగా ఉన్నాయి. పోచ పెడితే జారుతోంది. చిత్ర వాటిని చిన్న చిన్న చుట్టలుగా చుట్టి, పూలు కట్టడానికి నానబెట్టిన అరటినారతో ముడేసి, ఒక్కో డబ్బాకు ఒక్కోటి మూత బిగించే పట్టీ కింద దూర్చింది. సోమవారం, మంగళవారం అని రాసిన డబ్బాలు వరసగా, తలకొక పిలక పెట్టుకుని కూర్చున్నాయి. రఘునందన్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఫ్రిజ్‌లో ఉండేదానికి గ్రహణమేంది, మా నాన్న పిచ్చి కాకపోతే" అని గొంతు తగ్గించి నవ్వాడు. "ముడి మాత్రం బాగా వేసినావు."

*

సోమవారం చీకటితోనే చిత్ర తలకు పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచి భుజాన తగిలించుకుంది. చెప్పుల్లో ఒక కాలు పెట్టింది. గ్రహణం విడిచాక దర్భ తియ్యడం ఇంటి పెద్ద చెయ్యాల్సిన పని. మృత్యుంజయ తడి పంచెతో వంటింట్లోకి వెళ్ళి, పాలమీది దర్భ తీశాడు, పెరుగుమీది దర్భ తీశాడు, కింది అరలోకి వంగాడు.

"చిత్రా, దీనిమీద దర్భ యాడమ్మా?"

చెప్పు వదిలేసి పరిగెత్తింది. డబ్బాలు వరసగా ఉన్నాయి. మూతలు నున్నగా ఉన్నాయి. మోకాళ్ళమీద కూర్చుని అర లోపల తడిమింది, ఫ్రిజ్ కింద చెయ్యి పోనిచ్చింది. దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు.

"వేసినాను మామా. ముడేసి మరీ పెట్టినాను. అత్త చూసింది."

వత్సల గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. "నేను చేతికిచ్చినాను. వేసినట్లే ఉండాది మరి" అంది. వేసింది అనలేదు, వేసినట్లే ఉంది అంది. చిత్ర చూపు నేరుగా వెళ్ళి అత్తగారి చేతుల మీద వాలింది. వాలినది ఇక నాలుగు రోజులు లేవలేదు.

రఘునందన్ తల తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి విని తండ్రితో వాదానికి దిగాడు. "ఏంది నాన్నా ఇది! మూత పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టిన తిండికి గ్రహణం యాడనుంచి వస్తుంది? ఈ కాలంలో కూడా ఇట్లనా?"

"నువ్వు తింటావా అయితే?" అన్నాడు తండ్రి.

రఘునందన్ డబ్బావైపు చూశాడు, తల్లివైపు చూశాడు. "నాకేమి, తింటాను. కానీ ఇంట్లో అందురూ తినకుండా నేనొక్కడినే ఎట్ల తినేది?" అన్నాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "నువ్వు పో చిత్రా, రైలుకు టైమైంది. నేను యాడన్నా తింటాను. మన అనఘకు స్కూలుకు బ్రెడ్డు తీసిస్తాను. నాన్నదే... సుగరు ఉండాది కదా, టైముకు పడకపోతే..." అని ఆ మాటను అక్కడే, అందరూ చూసేలా, నేలమీద పెట్టి వదిలేశాడు.

ఇల్లు కడగాలి, ఆ తర్వాతే పొయ్యి. ఇల్లు కడగడం మగవాళ్ళ చేతుల్తో కూడా అయ్యే పనేనన్న సంగతి ఆ నిమిషాన అక్కడ ఎవరికీ తట్టలేదు. చిత్రకు కూడా తట్టలేదు. ఆ తర్వాత అందరికన్నా ముందు ఆమె తిట్టుకున్నది తననే, ఆ తట్టకపోవడానికే.

ఇస్త్రీ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఆమె బకెట్ అందుకుంది. నట్టింట్లో చీపురు ఆడుతుండగా స్టేషన్ వైపునుంచి రైలు కూత వినిపించింది. చీపురు ఆగలేదు.

పనిమనిషి మునివెంకటమ్మ వచ్చేసరికి అన్నం కుక్కర్ మీద ఉంది. వత్సల డబ్బాలన్నీ పెరటి గట్టు మీద పెట్టించి, "తీసుకపో. ఊరికే పారేసేది ఏమిటికి" అంది.

"బాగుండాయి కదమ్మా, ఏమైంది వీటికి?"

"గ్రహణం పట్టింది."

"అట్లయితే మాకు పట్టదా?" అంది మునివెంకటమ్మ, నవ్వుతూనే. జవాబు కోసం ఆగలేదు. తెచ్చుకున్న స్టీలు గిన్నెలోకి ఒక్కో డబ్బా బోర్లించి, అడుగున తట్టి దులిపింది. సోమవారం పడింది, మంగళవారం పడింది. శుక్రవారం డబ్బా దులుపుతుంటే ఒక శనగ గింజ ఎగిరి గట్టు కింద పడింది. చిత్ర వంటింటి కిటికీలోంచి చూస్తూ పోపు మాడ్చింది.

తొమ్మిదయ్యాక కంపెనీకి ఫోన్ చేసింది. అవతల అమ్మాయి గొంతు మహా తియ్యగా ఉంది. ట్రైనింగ్ ఈ పొద్దే మొదలైంది మేడమ్, రానివాళ్ళ చోట వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళను తీసుకున్నాం మేడమ్, మళ్ళీ ఖాళీ వస్తే మేమే చెప్తాం మేడమ్ అంది. అన్నిసార్లు మేడమ్ అని పిలిపించుకోవడం చిత్రకు అదే మొదలు, ఆ కంపెనీలో అదే ఆఖరు.

సాయంత్రం అందరూ కాఫీలు తాగుతుంటే, ఏడో తరగతి చదివే అనఘ తాతకు చాడీ చెప్పింది. "తాతా, నాన్న గ్రహణంలో ఫ్రిజ్ తీసినాడు. నేను ఒంటేలుకు లేసినప్పుడు చూసినాను."

మృత్యుంజయ అద్దాల పైనుంచి చూశాడు. రఘునందన్ పకపకా నవ్వాడు. "దాహమైంది నాన్నా, నీళ్ళు తాగేకి తీసినాను. ఏమీ కాలేదు చూడు, బతికే ఉండాను."

అంత బేజారులోనూ చిత్రకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో గ్రహణానికి భయపడని మనిషి ఒక్కడన్నా ఉన్నాడు, వాడు నా మొగుడు అనుకుంది. ఆ రాత్రి అతని పళ్ళెంలో నెయ్యి ఒక చుక్క ఎక్కువే పడింది.

*

మంగళవారం ఆమె అత్తగారితో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమంటే మౌనం కాదు. గిన్నె పెట్టేటప్పుడు చప్పుడు చెయ్యడం, అందరికీ మారు వడ్డించి అత్తగారి పళ్ళెం దగ్గర మాత్రం గరిటె ఆపడం, ఆమె ఏదన్నా అడిగితే "అనఘా, మీ అవ్వకు ఏంగావాలో చూడు" అని కూతుర్ని పిలవడం. చేతగాని మనిషిని ఏడిపించడానికి పెద్ద ఆయుధాలేమీ అక్కర్లేదు. పెరుగు డబ్బా మూత బిగించి పెడితే చాలు. వత్సల ఆ మూతను మణికట్టుతో, మోచేత్తో, చివరికి కొంగుతో పట్టి తిప్పి చూసి, రాక, మజ్జిగ లేకుండానే లేచిపోయింది. చిత్ర అది చూసింది. చూసి, పక్కకు తిరిగి కొత్తిమీర కడుక్కుంది.

బుధవారం మధ్యాహ్నం మామగారు నిద్రపోతున్నప్పుడు వత్సల వంటింటి గుమ్మంలోకి వచ్చింది. గట్టు మీద ఆలివ్ నూనె సీసా ఉంది, సగానికి పైగా మిగిలినది.

"ఆ నూనె మోకాళ్ళకు మంచిదంట కదమ్మా. పక్కింటి వీణ వాళ్ళమ్మ చెప్పింది. ఇంగ అది నీకు పని లేదు కదా. కొంచెం..."

'ఇంగ అది నీకు పని లేదు' అన్న మాట దగ్గర చిత్రకు ఒళ్ళు భగ్గుమంది. సీసా మూత తీసింది. సింకు మీద బోర్లించింది. నూనె చిక్కగా, తొందరేమీ లేకుండా, పచ్చని తాడులా జాలీలోకి దిగిపోయింది. ఆఖరి చుక్క పడేదాకా పట్టుకునే ఉంది.

"రాత్రిపూట ముడులు తీసేకి చేతులు వస్తాయి కదా మీకు. మోకాళ్ళు రుద్దుకునేకి కూడా వస్తాయి పోండి."

వత్సలకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ ఎత్తి కోడలి ముందు పెట్టింది. ఉబ్బిన, పక్కకు తిరిగిన ఆ వేళ్ళు. "వీటితోనా? పెరుగు మూత తిరగదు నాకు. కింది అరకు వంగలేనని నువ్వు చూస్తుండగానే కదా చెప్పినాను. ఆ తులసమ్మ మీద ఒట్టు చిత్రా, నేను ముట్టలేదు."

"నా ఉద్యోగం పోయింది. మీకు మధ్యాహ్నం వేడి అన్నం దొరికింది. ఇంగ ఒట్లు ఎవురికి?"

ఆ రాత్రి ముసలామె కంచం ముందుకు రాలేదు. కడుపులో బాగా లేదని మొగుడితో చెప్పి పడుకుంది. చిత్ర ఆమె వంతు అన్నంలో నీళ్ళు పోసి ఆవుకు పెట్టింది. తన లోపల ఏదో చల్లగా ఉన్నట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజుల్లో ఆమెకు హాయిగా అనిపించిన పని అదొక్కటే.

*

గ్రహణంనాడు కట్టిన బట్టలు విడిగా తడపాలి. అందరివీ సోమవారమే తడిశాయి. రఘునందన్ రాత్రిపూట తొడుక్కునే నల్ల ప్యాంటు మాత్రం పడకగది తలుపు వెనక మేకుకు, తువ్వాలు కింద, గురువారం దాకా వేలాడుతూనే ఉంది. మృత్యుంజయ కంట్లో అది పడి చిన్న గలాటా చేశాడు. చిత్ర దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, బకెట్లో ముంచి, బండ మీద వేసి సబ్బు రాసింది. అరచేతి కింద ఏదో గరగరలాడింది. జేబులో ఏదో ఉంది. ఎప్పుడూ ఉండే బస్సు టికెట్టో, చిల్లరో అనుకుని వేలు పెట్టి లాగింది.

దర్భ వచ్చింది.

ఒక చుట్ట, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం ఐదూ. పచ్చదనం పోయి గడ్డి రంగుకు తిరిగాయి, తడికి ఒకదానికొకటి చిక్కుకున్నాయి. అరటినార మాత్రం చెక్కు చెదరలేదు. ముడులు విప్పలేదు ఎవరూ. మూత పట్టీ కిందనుంచి జాగ్రత్తగా, నలగకుండా లాగినవి.

చిత్ర బండ పక్కన అలాగే కూర్చుండిపోయింది. ముందు అర్థమైంది ఎవరు అని కాదు, ఎందుకు జేబులో అని. చెత్తబుట్ట ఫ్రిజ్‌కు ఆనుకునే ఉంటుంది. అందులో వేసి, మీద రెండు ఆకులు కప్పితే ఈ జన్మకు తెలిసేది కాదు. వెయ్యలేకపోయాడు. దర్భను చెత్తలో వెయ్యకూడదని, కాలు పడని చోట, చెట్టు మొదట్లోనో పారే నీళ్ళలోనో వదలాలని ఆ ఇంట్లో పాలతో పాటు పోస్తారు. బేతమంగళం చెరువు దాకా పోయినప్పుడు వేద్దామనుకున్నాడో, తెల్లవారాక ఏదన్నా చెట్టు కింద పెడదామనుకున్నాడో, జేబులో వేసుకుని మరిచిపోయాడు. గ్రహణంలో నీళ్ళు తాగి నవ్వినవాడికి గడ్డిపోచను బుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు.

తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటీ వచ్చి కూర్చున్నాయి. ముడి బాగా వేసినావు. నువ్వు పో చిత్రా. నాన్నదే, సుగరు. వద్దని ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన మొహాన చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని కదా అనుకుంది. పోట్లాటకు కూడా చోటివ్వలేదు. తండ్రి షరతును, తల్లి మోకాళ్ళను, చివరికి చంద్రుణ్ణి కూడా తన పనికి వాడుకున్నాడు.

"ఏందమ్మా అది?"

వత్సల గోడ పట్టుకుని వెనకనే నిలబడి ఉంది. చిత్ర అరచెయ్యి తెరిచింది. ముసలామె చూపు దర్భ మీద నిలిచింది, బండ మీద జేబు తిరగేసి ఉన్న నల్ల ప్యాంటు మీదికి వెళ్ళింది, మళ్ళీ దర్భ దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో ఒక్క క్షణం పాటు నాలుగు రోజుల నింద దిగిపోయిన తేలిక కనిపించింది. ఆ క్షణం అయిపోయింది.

చిత్ర ఎదురుచూసింది. కొడుకు పేరు ఆమె నోట వస్తే చాలు, కాళ్ళు పట్టుకునైనా క్షమించమందామనుకుంది.

వత్సల కిందికి వంగింది. వంగలేని మనిషి, అమ్మా అంటూ వంగింది. ఆ వంకర వేళ్ళతోనే కోడలి చేతిలోంచి ముడులు ఒకటొకటీ ఏరి, తులసి కోట దగ్గరికి నడిచి, మట్టి గీకి, లోపల పెట్టి, బొటనవేలితో అదిమింది. లెక్క చూసుకోలేదు. ఒకటి చిత్ర వేళ్ళ సందులో చిక్కి ఉండిపోయింది.

"నేనే తీసినాను" అంది వత్సల, ఇటు తిరక్కుండా.

"అత్తా?"

"మొన్నటినుంచి నువ్వు అంటానే ఉండావు కదా. అదే నిజం. నేనే తీసినాను, వాని జేబులో వేసినాను. ఎవురు అడిగినా అదే చెప్తాను. నువ్వూ అదే చెప్పు."

"ఎందుకత్తా? ఎందుకు మీరు..."

"వాడు నాకు కొడుకు, నీకు మొగుడు. ఇంట్లో ఎవురో ఒకరు చెడ్డోళ్ళు కావాలంటే నేనయితాను, నాకు అలవాటే. ఇంగా ఎన్ని ఏండ్లో నువ్వు వానితో కాపురం చెయ్యాల. నాతో ఎన్ని దినాలు?" మట్టి చేతిని కొంగుకు తుడుచుకుంది. "నా నోటినుంచి మాత్రం వాని పేరు రాదు. ఆశ పెట్టుకోవద్దు."

కోడలికి న్యాయం చెయ్యగలిగిన ఒకే ఒక్క సాక్షి అలా గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. చిత్ర ప్యాంటు జాడించి, పిండి, దండెం మీద ఆరేసింది. జేబులు రెండూ బయటికి తిరిగి వేలాడాయి.

సాయంత్రం రఘునందన్ స్వీట్ల పొట్లంతో వచ్చాడు. కూర్చుని, చెప్పులు విప్పి, మహా మెత్తగా మొదలుపెట్టాడు.

"చిత్రా, అమ్మ నిన్న రాత్రి తినలేదంట. నాన్న చెప్పినాడు. ఇంగ ఎన్ని దినాలు ఇట్ల? పెద్దామె. ఏదో భయపడి తీసింటుంది, ఇంటి పని మీద పడుతుందని. ఉద్యోగం పోయింది నిజమే, నాకూ బాధే. ఇంకోటి రాకుండా పోతుందా? మనసులో పెట్టుకోవద్దు. క్షమించెయ్."

వత్సల కాఫీ లోటా రెండు చేతులతో పట్టుకుని వస్తోంది. మాటలన్నీ విన్నది. కాఫీ ఒలకలేదు. కొడుకు ముందు పెట్టింది.

"ఔనప్పా" అంది. "తప్పు నాదే. నేనే తీసినాను."

అతను తలెత్తి తల్లిని చూడలేదు. లోటా ఎత్తి ఒక గుక్క తాగాడు. "సరే పోనీలేమ్మా. అయిపోయింది కదా" అన్నాడు, పెద్దమనసుతో.

చిత్ర ఇద్దరినీ చూసింది. లోపలికి వెళ్ళి నువ్వులనూనె వెచ్చచేసి, అత్తగారి మంచం పక్కన చేతికందే చోట పెట్టింది. రుద్దడానికి మాత్రం కూర్చోలేదు. తర్వాత డబ్బాలోంచి ఒక్క గుప్పెడు గోధుమలు తీసి నానేసింది.

*

శుక్రవారం పొద్దున ఆ గుప్పెడూ ఉడికించింది. గోటితో నొక్కి చూసింది, గుడ్డ మీద ఆరబెట్టింది. కీరా గింజలు గీకి పారేసింది. ఆలివ్ నూనె లేదు కాబట్టి నువ్వులనూనె చుక్కలు వేసి నిమ్మకాయ పిండింది. సోమవారం అని రాసి ఉన్న డబ్బాలోనే సర్దింది. మూత పెట్టి, పట్టీలు బిగించింది.

రఘునందన్ స్కూటర్ తాళాలు వేలికి తిప్పుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. అరుగు మీద మృత్యుంజయ పేపరు చదువుతున్నాడు. గడప లోపల వత్సల ఉంది. చిత్ర డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఓ! సలాడ్ మళ్ళీ చేసినావా!" అని మొహం విప్పార్చుకుని డబ్బా అందుకున్నాడు. బొటనవేలికి ఏదో తగిలింది. చూశాడు.

పట్టీ కింద దర్భముడి. ఎండిన చుట్ట, అరటినార, ఆ ముడి.

నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ దాచాలో అతనికి తెలియలేదు. వత్సల గడప పట్టుకుంది. మృత్యుంజయ పేపరు దించి, "ఏందిరా అది, దర్భనా? ఈ పొద్దు గ్రహణమేమీ లేదే!" అన్నాడు.

"మొన్నటిదే మామా" అంది చిత్ర. భర్త కళ్ళలోకి చూస్తూ, ఇంటికి వచ్చిన చుట్టానికి చెప్పినంత మర్యాదగా చెప్పింది. "దర్భ వేసినాను. దోషమేమీ లేదు. తినండి."

అతను అటూ ఇటూ చూశాడు. పక్కనే చెత్త డబ్బా ఉంది, ముందు మురుగు కాలువ ఉంది. అతని వేళ్ళు పట్టీ కిందనుంచి ఆ ముడిని జాగ్రత్తగా, నలగకుండా లాగాయి. లాగి, ఎవరూ చెప్పకుండానే, ప్యాంటు జేబులోకి పోయాయి. అక్కడే ఉండిపోయాయి.

ఆ రాత్రి ఫ్రిజ్ ముందు ఎలా జరిగి ఉంటుందో చిత్ర ఇప్పుడు పూర్తిగా చూసింది.

అతను ఒక చేత్తోనే డబ్బాను స్కూటర్‌కు తగిలించాడు, ఒక చేత్తోనే తాళం పెట్టాడు. స్కూటర్ తోలాలంటే మాత్రం రెండు చేతులూ కావాలి. ఆ చెయ్యి బయటికి వచ్చేదాకా చిత్ర గేటు దగ్గరనుంచి కదల్లేదు.